మలంలో మాత్ర అలాగే పడుతోందా? అది డొల్ల, మందు ఎప్పుడో వెళ్లిపోయింది

మీరు అడిగినవి మూడు. గుంటూరులో ఉంటున్న మీ నాన్నగారికి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ 1000 (ఎస్‌ఆర్ అంటే మందును నెమ్మదిగా వదిలే మాత్ర) రాశారు; రెండు మూడు సార్లు మలంలో మాత్ర వేసుకున్నది వేసుకున్నట్టే కనిపించింది, అంటే మందు ఒంటికి పట్టడం లేదా? పొడి చేసి మజ్జిగలో కలిపి ఇవ్వొచ్చా? ఇన్సులిన్ మాత్ర వచ్చేసిందని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమేనా?

రెండోదానికి ముందు చెప్తాను, ఈ పూటే ఆ పని చేసేస్తారేమోనని నా భయం. పొడి చేయకండి. విరవకండి, నమలనివ్వకండి కూడా.

నేను గుంటూరులో ఎం.ఫార్మసీ చదివాను, కొన్నేళ్లు ఒక కంపెనీలో మాత్రల తయారీ పరిశోధన విభాగంలో చేశాను. ఇప్పుడు విజయవాడ సూర్యారావుపేటలో మందుల షాపు నడుపుతున్నాను. మీ మొదటి ప్రశ్న మా కౌంటర్ దగ్గర నెలకు ఒకరైనా అడుగుతారు. చాలామంది చుట్టూ చూసి, గొంతు తగ్గించి మరీ అడుగుతారు.

ఎస్‌ఆర్ మాత్రలో మందుతో పాటు హెచ్‌పీఎంసీ లాంటి జిగురు పదార్థం ఉంటుంది. సబ్జా గింజలు నానబెడితే చుట్టూ జిగురు పొర కడుతుంది కదా, ఇదీ అంతే. కడుపులో తడి తగలగానే మాత్ర పైపొర ఉబ్బి జిగురుగా మారుతుంది. లోపలి మందు ఆ జిగురులోంచి దారి చేసుకుంటూ గంటల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. మందు వెళ్లిపోయాక కూడా కొన్నిసార్లు ఆ జిగురు ముద్ద మాత్ర ఆకారంలోనే మిగిలి, కిందికి దిగిపోతుంది. మీ నాన్నగారికి కనిపించింది అదే. కొన్ని కంపెనీల మందు కాగితంలో ఈ సంగతి అచ్చు వేసి ఉంటుంది, మనం ఆ కాగితం చదవం.

ఒక రిటైర్డ్ మాస్టారు ఎంత చెప్పినా నమ్మలేదు. రాత్రి షాపు కట్టేముందు ఆయన కళ్ల ముందే ఒక మాత్రను గ్లాసుడు నీళ్లలో వేశాను. పొద్దున ఆయన వచ్చి చూస్తే మాత్ర ఉబ్బిపోయి, మెత్తటి జెల్లీ ముద్దలా అడుగున కూర్చుని ఉంది. వేలితో నొక్కి చూసి, నవ్వి, బిల్లు కట్టి వెళ్లిపోయారు. (ఆ మాత్ర డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు.)

నా ఎం.ఫార్మసీ ప్రాజెక్టు సరిగ్గా ఈ మాత్రే. 37 డిగ్రీల వేడిలో 900 మిల్లీలీటర్ల ద్రావణం, నిమిషానికి 50 చుట్లు తిరిగే తెడ్డు, అందులో మాత్ర. గంట గంటకూ 5 మిల్లీలీటర్లు తీసి, మందు ఎంత కరిగిందో 233 నానోమీటర్ల కాంతి దగ్గర కొలవాలి. ల్యాబులో కుర్చీలోనే కునుకు తీసిన రోజులవి. మెట్‌ఫార్మిన్ నీళ్లలో ఇట్టే కరిగే మందు, దాన్ని పట్టి ఉంచడం చాలా కష్టం. నా మొదటి బ్యాచ్ పన్నెండు గంటలు నిలబడాల్సింది, రెండు గంటల్లో మొత్తం వదిలేసింది. జిగురు పెంచితే మందు నిలబడింది గానీ మాత్ర సైజు పెరిగిపోయింది. ఎస్‌ఆర్ 1000 అంత లావుగా ఎందుకుంటుందని మీ నాన్నగారు విసుక్కుంటుంటే, ఆ తప్పు నాలాంటి వాళ్లదే.

ఇక పొడి చేయొద్దని అంత గట్టిగా ఎందుకన్నానో చెప్తాను. నేను ఆ ప్రాజెక్టులో తలమునకలుగా ఉన్న రోజుల్లోనే మా అమ్మమ్మకు బీపీకి నిఫెడిపిన్ రిటార్డ్ మాత్ర ఇచ్చారు. అదీ నెమ్మదిగా విడుదలయ్యేదే. ఆవిడకు మింగడం కష్టం. మా పిన్ని ఒక షాపులో అడిగితే కౌంటర్ కుర్రాడు "పొడి చేసి ఇవ్వండమ్మా, ఏం కాదు" అన్నాడట. అరటిపండు గుజ్జులో కలిపి పెట్టింది. రోజంతా రావాల్సిన మందు ఒక్కసారిగా రక్తంలోకి దిగింది. అరగంటకల్లా ఒళ్లంతా చెమటలు, కళ్లు తిరిగి మంచం మీదే ఒరిగిపోయింది. కొత్తపేటలో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి బీపీ 80కి పడిపోయింది. డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "మాత్ర ఎలా వేశారు?" అమ్మమ్మ రెండు రోజుల్లో కోలుకుంది. నాకు మాత్రం సిగ్గు పోలేదు. మందు నెమ్మదిగా ఎలా వదలాలా అని ల్యాబులో రాత్రిళ్లు కూర్చునేవాణ్ణి, ఇంట్లోవాళ్లకు ఆ ఒక్క మాట చెప్పాలని తోచలేదు.

మెట్‌ఫార్మిన్ పొడి చేస్తే అంత ప్రమాదం సాధారణంగా రాదు. వికారం, విరేచనాలతో కడుపు పాడవుతుంది, మందు రోజంతా నిలవదు. అయితే స్ట్రిప్ ఒకసారి చూడండి, మాత్ర రెండు రంగుల్లో ఉందా? అలా ఉంటే చాలావరకు ఒక పొర గ్లిమెపిరైడ్ అనే ఇంకో షుగర్ మందు, రెండోది మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్. అలాంటిదాన్ని ఇంట్లో విరిస్తే ఏ ముక్కలో ఏది ఎంత వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మధ్యలో గీత ఉంటే విరవచ్చు అనే మాట కూడా అన్నిటికీ పనికిరాదు. బీపీకి ఇచ్చే మెటోప్రొలాల్ ఎక్స్ఎల్ లాంటి కొన్నిటికి మాత్రం అది చెల్లుతుంది; వాటిలో వందల చిన్న గుళికలుంటాయి, దేని పూత దానికే ఉంటుంది, గీత దగ్గర సగం చేసినా పని చేస్తుంది. దాన్ని కూడా నూరకూడదు.

మీ నాన్నగారికి నిజంగా మింగడం కష్టమైతే డాక్టరుగారికి ఆ మాటే చెప్పండి. మామూలు మెట్‌ఫార్మిన్ చిన్న మోతాదుల్లో రోజుకు రెండు మూడు సార్లు రాయొచ్చు, ద్రవ రూపంలోనూ ఉంది. మందు పట్టిందో లేదో తేల్చేది రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష, మలం కాదు. అది పెరుగుతూ ఉంటేనో, విడవకుండా విరేచనాలవుతూ మాత్ర గట్టిగా, ఏమాత్రం ఉబ్బకుండా పడుతుంటేనో అప్పుడు ఆలోచించాలి.

ఇన్సులిన్ మాత్ర సంగతి. మందుల షాపులో కొనుక్కునే ఇన్సులిన్ మాత్ర ఇంకా లేదు. ఇన్సులిన్ ఒక ప్రోటీన్. నోట్లో వేసుకుంటే మనం తిన్న పప్పును అరిగించినట్టే కడుపు దాన్నీ అరిగించేస్తుంది. 2019లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు తాబేలు డిప్ప ఆకారంలో ఒక గుళిక చేశారు. ఎలా పడినా తనంతట తానే నిటారుగా నిలబడి, లోపలి సన్నని ఇన్సులిన్ సూదిని కడుపు గోడలో గుచ్చుతుంది. పందుల్లో పని చేసింది. పీల్చే ఇన్సులిన్ పొడి అఫ్రెజాకు 2024 డిసెంబరులో మన దేశంలోనూ అనుమతి వచ్చింది, అయితే ఆస్తమా ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు అది పనికిరాదు.

వాట్సాప్‌లో తిరిగేది బహుశా షుగర్‌కే ఇచ్చే సెమాగ్లూటైడ్ అనే మందు మాత్ర, కంపెనీ పేరు రైబెల్సస్. అది ఇన్సులిన్ కాదు, కానీ అదీ కడుపులో అరిగిపోయే జాతిదే. అందుకని మాత్రలో స్నాక్ అనే ఒక రసాయన లవణం 300 మిల్లీగ్రాములు కలిపారు (తినే స్నాక్ కాదు లెండి). మాత్ర కరిగే చోట ఆ కాసేపు ఆమ్లాన్ని తగ్గించి, మందును కడుపు గోడలోంచే రక్తంలోకి పంపుతుంది. అంత చేసినా చేరేది ఒక శాతం లోపే. ఇంజక్షన్‌గా వారానికి 1 మిల్లీగ్రాము సరిపోయే మందు, మాత్రగా రోజుకు 14 మిల్లీగ్రాముల దాకా పడుతుంది. ఎంత వృథానో చూడండి! పరిశోధన ఇంత దూరం వచ్చిందని సంతోషించాలో, ఇంకా ఇక్కడే ఉందని నిట్టూర్చాలో నాకూ తెలియదు.

దానికొక నియమం ఉంది. పరగడుపున అర గ్లాసుకు మించని మంచినీళ్లతో వేసుకుని, ఆ తర్వాత అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. ఇదంతా ఆ మాత్ర రాయించుకున్న ఒక పెద్దాయనకు చెప్తే, "కాఫీ కూడానా?" అన్నారు. కాఫీ కూడానండీ అన్నాను. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "అయితే డాక్టరుగారిని అడిగి ఆ సూదే వేయించుకుంటాలే బాబూ" అని వెళ్లిపోయారు.