కణాలు ఎక్కడివి తీస్తారో ముందు అడగండి

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. కబడ్డీలో మోకాలు మెలిపడి, గుజ్జు రూపాయి బిళ్లంత మేర ఊడిపోయింది. ఒక డాక్టరుగారు మోకాల్లోంచే కణాలు తీసి, ల్యాబ్‌లో పెంచి పెడదామన్నారు. ఇంకోచోట పొట్ట కొవ్వులోంచి స్టెమ్ సెల్స్ తీసి అదేరోజు ఇంజక్షన్ చేస్తామంటున్నారు. ఏది మేలు? – ఒక అక్క, ఖమ్మం

జవాబు: అమ్మా, నా ఓటు మొదటిదానికే.

మేక కాలు ఎముక కొసన తెల్లగా, నున్నగా మెరిసే పొర చూసే ఉంటారు. మనం గుజ్జు అనేది దాన్నే. దానికి రక్తనాళాలు ఉండవు, ఉన్న కణాలు కూడా బహు తక్కువ, అందుకే దెబ్బ తగిలితే దానంతట అది పూడదు. బయటి నుంచి కణాలు పెట్టినా, అవి అదే రకం పొర కడతాయా లేక మచ్చలాంటి నారపొర కడతాయా అన్నదే అసలు సంగతి.

మోకాలి గుజ్జు కణాలకు ఆ పని పుట్టుకతో వచ్చిందే. స్వీడన్ డాక్టర్లు ఇలా కణాలు పెంచి పెట్టిన 23 మంది ఫలితాలు 1994లో ప్రచురించారు. తొడ ఎముక కొసన పెట్టిన 16 మందిలో 14 మందికి బాగా కుదిరింది, మోకాలి చిప్ప వెనక పెట్టిన ఏడుగురిలో మాత్రం ఇద్దరికే. కాబట్టి మీవాడికి ఊడింది ఎక్కడో తప్పకుండా అడగండి. ఇబ్బందులూ ఉన్నాయి: రెండు ఆపరేషన్లు, మధ్యలో కొన్ని వారాల ఎదురుచూపు, పైగా ల్యాబ్‌లో పెంచేకొద్దీ ఈ కణాలు తమ గుణం కొంత మరిచిపోయి నారపొర వైపు మళ్లుతాయి.

ఇక స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాల సంగతి. ఎముక మూలుగలోవి గుజ్జుగా మారతాయి గానీ, అక్కడ ఆగకుండా ఎముకగా గట్టిపడే దారి పడతాయి. కొవ్వులో కణాలు దండిగా దొరుకుతాయి, తీయడమూ సులువే, కానీ గుజ్జు కట్టే విషయంలో ల్యాబ్ పోలికల్లో మూలుగ కంటే వెనకబడ్డాయి. జపాన్‌లో 2005లో ఒంట్లో ఐదు చోట్ల నుంచి తీసిన కణాలు పక్కపక్కన పెట్టి చూస్తే కీలు లోపలి పొర, అంటే సైనోవియం కణాలే ముందు నిలిచాయి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ముక్కు గుజ్జు కణాలు పెంచి పదిమంది మోకాళ్లలో పెట్టి చూశారు, 2016లో ఆ ఫలితాలు ఆశ పుట్టించేలా వచ్చాయి.

ఇక అదేరోజు ఇంజక్షన్ అంటే, పెంచని కణాల మిశ్రమం కీల్లో వదలడమే, అందులో స్టెమ్ సెల్స్ కొన్నే. ఇలాంటివి ట్రయల్స్‌లోనే, అంటే అనుమతి తీసుకుని చేసే పరిశోధనలోనే చేయాలని దేశంలో వైద్య పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2017లోనే చెప్పింది. సీటీఆర్‌ఐ నంబరు, అంటే మన దేశపు ట్రయల్స్ రిజిస్టరులో నమోదైన నంబరు అడగండి, చూపించకపోతే డబ్బు కట్టొద్దు.

మొదటి డాక్టరుగారిని కూడా లిగమెంట్లు, కాలి వంకర సరిచూశారా అని అడగండి, అవి సరిగా లేకపోతే పెట్టిన పొర నిలవదు. కొన్ని వారాలు ఊతకర్రలు తప్పవు, కబడ్డీ కోర్టుకు వెళ్లడానికి ఏడాది పైనే పట్టవచ్చు, ఆ మాట తమ్ముడికి ఇప్పుడే చెప్పండి.