బ్రేకు తొక్కగానే ఇంజిన్ ఆఫ్ అయిపోతోంది, ఈసీఎం మార్చాలా?

ప్రశ్న: సార్, నాది 2012 మోడల్ పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. హైవే మీద బానే పోతుంది, పికప్ కూడా బానే ఉంది, కానీ సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కి బ్రేకు తొక్కగానే ఇంజిన్ టక్కున ఆగిపోతోంది, ఏసీ వేసుంటే ఇంకా ఎక్కువ. మళ్ళీ తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అవుతుంది. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, పెట్రోల్ పంపు మార్చాడు, తేడా లేదు, ఇప్పుడు ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దండి, ఈసీఎం జోలికి ఇప్పుడే వెళ్ళకండి. పెట్రోల్ పంపు వీకైతే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో మొరాయించాలి, మీ బండి అక్కడ బానే లాగుతోంది కదా, కాబట్టి ఆ ఖర్చు అనవసరంగా పెట్టించారు.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. బ్రేకు తొక్కినందుకు ఆగుతోందా, లేక యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినందుకా? రోడ్డు మీద రెండూ వెంటవెంటనే జరుగుతాయి కాబట్టి ఎవరికైనా బ్రేకు వల్లే అనిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కాక బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఏసీ ఆపేసి, ఒక్క బ్రేకు మాత్రం గట్టిగా తొక్కి పట్టుకోండి. ఆర్‌పీఎం (మీటరు చూపించే ఇంజిన్ వేగం) ఒక్క క్షణం కొంచెం కదిలి సర్దుకుంటే అది మామూలే, అలా కాకుండా పడిపోయి ఇంజిన్ వణుకుతూ ఉంటే, పెడల్ దగ్గర స్‌స్స్ అని గాలి పీల్చే శబ్దం వస్తుంటే, బ్రేక్ బూస్టరే, అంటే పెడల్ తేలిగ్గా దిగేలా సాయపడే భాగమే, పాడైందనుకోండి. బానెట్ కింద డ్రైవర్ వైపు వెనకాల నల్లగా గుండ్రంగా పళ్ళెంలా కనిపిస్తుంది చూడండి, అదే. మామూలు పెట్రోల్ బండ్లలో ఇది ఇంజిన్ మానిఫోల్డ్‌లోని (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే గొట్టాల్లోని) వాక్యూమ్ మీద, అంటే గాలి పీల్చే ఒత్తిడి మీద పనిచేస్తుంది, లోపల డయాఫ్రం అనే రబ్బరు పొర చిరిగితే బ్రేకు తొక్కిన ప్రతిసారీ లెక్కలో లేని గాలి మానిఫోల్డ్‌లోకి దూరిపోయి పెట్రోల్-గాలి మిక్చర్ పల్చబడి ఇంజిన్ ఆగిపోతుంది. ఇంకో పరీక్ష కూడా చేసుకోండి, ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు పెడల్ తొక్కి గట్టిపడ్డాక అలాగే పట్టుకుని స్టార్ట్ చేయండి, పెడల్ కాస్త కిందికి దిగాలి, దిగకపోతే బూస్టర్ గానీ దానికొచ్చే పైపు గానీ పాడైనట్టే. ఇలా తేలితే ఆ బండి బయటికి తీయకండి, మెకానిక్కే ఇంటికి రావాలి, ఎందుకంటే ఇది బ్రేకుల విషయం.

బ్రేకు తొక్కినా ఏం కాలేదా, అప్పుడు 2,500 ఆర్‌పీఎం దాకా రేజ్ చేసి టక్కున వదిలేయండి. ముల్లు 800 దగ్గర నిలబడకుండా ఇంకా కిందికి జారి ఆగిపోతే త్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని ఒక రెక్కతో అదుపు చేసే భాగంలో) మసి పట్టింది, లేదా ఐడిలింగ్, అంటే కాలు తీశాక ఇంజిన్ ఆగకుండా నడవడం, చూసుకునే వాల్వు ఇరుక్కుంది. మీరు రాసినదాన్ని బట్టి, అంటే ఏసీ వేస్తే ఎక్కువవుతోందన్నారు కాబట్టి, నాకు దీని మీదే అనుమానం ఎక్కువ. కంప్రెసర్ లోడు పడినప్పుడు ఆ కాస్త గాలి అదనంగా ఇవ్వలేకపోతోందన్నమాట. త్రాటిల్ క్లీనర్ స్ప్రేతో, మెత్తటి గుడ్డతో తుడిపించండి, ఎలక్ట్రానిక్ త్రాటిల్ అయితే రెక్కని స్క్రూడ్రైవర్‌తో తోయనివ్వకండి, క్లీన్ చేశాక స్కానర్ పెట్టి ఐడిల్ సెట్టింగ్ మళ్ళీ నేర్పించాలి, అది చేయకపోతే పని బానే చేసినా బండి ఇంకా ఇబ్బంది పెట్టొచ్చు. అదే స్కానర్‌లో పీ 0171 అని, అంటే మిక్చర్ పల్చబడిందని, కోడ్ వస్తే మాత్రం ఎక్కడో గాలి లీకవుతోందేమో వాక్యూమ్ పైపులన్నీ వెతికించండి.

బూస్టర్ బాగానే ఉందని తేలి, ఈలోపు బండి తీయక తప్పకపోతే ఒకటి గుర్తుపెట్టుకోండి. నడుస్తుండగా ఆగిపోతే బూస్టర్‌లో ఒకటి రెండుసార్లు తొక్కడానికే వాక్యూమ్ మిగులుతుంది, కాబట్టి పెడల్‌ని పంపు కొట్టినట్టు కొట్టకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకుని పక్కకి ఆపండి, స్టీరింగ్ బరువెక్కినా తిరుగుతుంది, కంగారులో తాళం మాత్రం బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది.