చరిత్ర పరీక్షలో పిల్లలు ఆలోచించి రాయాలంటే ప్రశ్న ఎలా ఇవ్వాలి?

తేదీలు అడిగితే గడగడా అప్పజెప్పే మీ క్లాసు పిల్లలు "ఎందుకు" అని అడగ్గానే పేపరు ఖాళీగా ఇచ్చేస్తున్నారని, ఏం చేయాలని మీరు నాకు రాశారు. నేను నర్సీపట్నం వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో పద్నాలుగేళ్లుగా సోషల్ చెబుతున్నాను, మొదట్లో నాకూ ఇదే ఎదురైంది.

ముందు నేను చేసిన పొరపాటు చెప్తాను. "మీరే అల్లూరి సీతారామరాజు అయితే ఏం చేసేవారు?" అని ఒక స్లిప్ టెస్టులో ఇచ్చాను, పిల్లల చేత ఆలోచింపజేసే ప్రశ్న అనుకునే ఇచ్చాను. దాదాపు అన్ని పేపర్లలోనూ సినిమా డైలాగులే వచ్చాయి. తప్పు పిల్లలది కాదు. చేతిలో ఒక్క ఆధారం కూడా పెట్టకుండా ఊహించి రాయమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

మరుసటి ఏడాది అదే పాఠానికి వేరేగా వెళ్లాను. బోర్డు మీద "పితూరీ" అని ఒక్క మాట రాసి అర్థం అడిగాను. "టీచరుకి చాడీలు చెప్పడం సార్" అన్నారు. మనం మన్యం పోరాటం అంటున్నదాన్ని అప్పటి ప్రభుత్వ రికార్డుల్లో అల్లరి, తిరుగుబాటు అన్న అర్థంలో పితూరీ అనే రాశారని చెప్పేసరికి క్లాసులో కాసేపు చప్పుడు లేదు. "అంటే ఎవరు రాస్తే వాళ్ల పేరే ఉంటుందా సార్?" అని వెనక బెంచీ కుర్రాడు అడిగాడు. ఆ ప్రశ్న గైడులో దొరకదు.

తర్వాత గ్రూపుకి నాలుగు చీటీలు ఇచ్చాను. ఒకదాంట్లో పోడుకు, అంటే అడవి నరికి కాల్చి చేసే సాగుకు, అడ్డం పడ్డ 1882 మద్రాసు అటవీ చట్టం. రెండోదాంట్లో గూడెం ప్రాంతం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో మన్యం వాళ్లకు కూలీ సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించుకోవడం. మూడోదాంట్లో గాం గంటందొర లాంటి ముఠాదార్లు, అంటే కొన్ని ఊళ్ల మీద పన్ను వసూలు హక్కున్న మన్యం పెద్దలు, తమ అధికారం పోగొట్టుకోవడం. నాలుగోదాంట్లో 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు తీసుకెళ్లడం. ప్రశ్న ఒక్కటే: మొదటి మూడు కారణాల్లో ఏది తీసేస్తే నాలుగోది జరిగేది కాదు?

ఎక్కువ మంది అటవీ చట్టం అన్నారు. "మా తాతయ్య ఇప్పటికీ పోడు చేస్తాడు" అని ఒక పిల్ల గట్టిగా వాదించింది కూడా. అప్పుడు ఆమె పక్కనున్న అమ్మాయి, చాలా నెమ్మదస్తురాలు, రెండు తేదీల కింద వేలు పెట్టి చూపించింది. "చట్టం 1882లో వచ్చింది కదా సార్, మరి నలభై ఏళ్లు ఎందుకు ఊరుకున్నారు?" అప్పటికి దాచి ఉంచిన ఐదో చీటీ తీశాను: 1879లోనే కల్లు పన్ను మీద గోదావరి మన్యంలోని రంపలో తిరుగుబాటు జరిగింది, అంటే ఆ చట్టం కంటే ముందే. అంతే, అప్పటిదాకా అటవీ చట్టం అన్నవాళ్లలో సగం మంది మాట మార్చుకున్నారు, మిగతా సగం "అది వేరే కోపం, ఇది వేరే కోపం" అని నిలబడ్డారు. రెండో జట్టు మాటలో కూడా బలం ఉంది, నేను ఏదీ కాదనలేదు.

ఇక పరీక్ష. చీటీలను ప్రశ్నపత్రంలోనే అచ్చు వేసి ఇస్తాను, ఎందుకంటే నేను చూడాలనుకునేది జ్ఞాపకశక్తిని కాదు. నాలుగు మార్కుల్లో ఏ కారణం ఎంచుకున్నారన్నదానికి మార్కు ఉండదు. ఎంచుకున్నదానికి చీటీలోంచి ఆధారం చూపిస్తే రెండు, ఇంకో కారణం ఎందుకు సరిపోదో చెప్తే రెండు. గైడులో ఉన్నదంతా పేజీ నిండా దించిన అబ్బాయికి ఒక మార్కు వచ్చింది, అయిదు లైన్లు రాసిన అమ్మాయికి నాలుగూ వచ్చాయి. ఆ అబ్బాయి ఇంటి నుంచి అడగడానికి వచ్చారు. రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి చదివించాను, ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

మీ పిల్లలు ఖాళీగా ఇవ్వడానికి అసలు కారణం, నాకు అనిపించేది, వాళ్లకు అలాంటి ప్రశ్న పరీక్షలోనే మొదటిసారి కనపడటం. క్లాసులో నోటితో పదిసార్లు వాదించనివ్వండి, తర్వాత రెండు లైన్లు రాయించండి, పరీక్ష దాకా ఆగకండి. సిలబస్ అవ్వదంటారా, నోట్సు డిక్టేషన్ మానేస్తే ఆ పీరియడ్లు మిగులుతాయి. నాకు అలాగే మిగిలాయి. అన్ని పాఠాలకూ చేయలేం కూడా, ఏడాదికి నాలుగైదు చాలు.

మీరు ఆదిలాబాద్ వైపు అన్నారు కాబట్టి కొమురం భీం పాఠంతో మొదలుపెట్టండి. 1940లో జోడేఘాట్‌లో భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం గోండుల జీవితాన్ని అధ్యయనం చేయమని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. గెలిచిన ప్రభుత్వానికి ఆ అవసరం ఎందుకొచ్చింది? దీన్ని బోర్డు మీద రాసి, మొదటి పది నిమిషాలు మీరేమీ చెప్పకుండా పిల్లలనే మాట్లాడనివ్వండి.