ఇంటూ నొక్కితే మూసుకోవాల్సింది ఆ ఒక్క పట్టీయే

మీ ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లకు విన్‌ఫామ్స్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌లకు విండోలు కట్టే డాట్‌నెట్ పనిముట్టు) బిల్లింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నారు. గుమాస్తా నాలుగైదు తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) ఒకేసారి తెరిచి పెట్టుకుంటాడు. మెయిన్ విండో ఇంటూ మార్కు నొక్కగానే సేవ్ చేయని పట్టీలన్నీ అడక్కుండానే పోతున్నాయి. ప్రతి ఫామ్‌లోనూ (అంటే విండోలోనూ) అడిగే కోడ్ ఉంది కదా అంటున్నారు.

కోడ్ ఉంది, కానీ దాన్ని పిలిచేవాళ్లు లేరు. ప్రోగ్రామ్‌ని నడిపించే అప్లికేషన్.రన్‌కి ఇచ్చిన ఫామ్ మూసుకుంటే మెసేజ్ లూప్ (నొక్కిన కీలు, క్లిక్‌లు అందుకునే చక్రం) అక్కడితో ఆగిపోతుంది. విడిగా షోతో తెరిచిన మిగతా ఫామ్‌లకు ఫామ్‌క్లోజింగ్ (మూసే ముందు వచ్చే ఈవెంట్, మీ అడిగే కోడ్ ఉండేది అందులోనే) రాదు, నేరుగా డిస్పోజ్ అయిపోతాయి. పట్టీలను ఎండీఐ చైల్డ్‌లుగా (ఒక పెద్ద విండో లోపలే ఉండే చిన్న విండోలుగా) మారిస్తే ఈ జబ్బు పోతుంది: ముందు ప్రతి చైల్డ్‌కీ ఈవెంట్ వస్తుంది, ఏ ఒక్కటి క్యాన్సిల్ చేసినా పేరెంట్‌కి అందే క్యాన్సిల్ ట్రూగానే ఉంటుంది, అంటే అదీ మూసుకోదు.

నేనైతే ఎండీఐ జోలికి పోను. ఎక్సెల్ 2010 దాకా పైన ఒక ఇంటూ, దాని కిందే ఇంకో ఇంటూ ఉండేవి. ఒక ఫైలు మూద్దామని పైది నొక్కితే అన్నిటికీ ఎసరు. 2013 నుంచి ఏ ఫైలుకి ఆ విండో. కొట్లో కూర్చునే కుర్రాళ్లకు ఇప్పుడు అదే అలవాటు. కాబట్టి విడి విండోలే ఉంచి, అప్లికేషన్‌కాంటెక్స్ట్ (ప్రోగ్రామ్ ఎప్పుడు ఆగాలో చూసే క్లాస్) నుంచి ఒక క్లాస్ రాసి రన్‌కి ఫామ్ బదులు దాన్నివ్వండి. ఫామ్ తెరిచినప్పుడు లెక్క ఒకటి పెంచండి, ఫామ్‌క్లోజ్డ్‌లో (మూసుకున్నాక వచ్చే ఈవెంట్) ఒకటి తగ్గించండి, సున్నా అయితే ఎగ్జిట్‌థ్రెడ్ పిలిచి ప్రోగ్రామ్ ఆపండి. ఇంటూ, ఆల్ట్+ఎఫ్4, కంట్రోల్+డబ్ల్యూ మూడూ ముందున్న విండోనే మూయాలి. మొత్తం ప్రోగ్రామ్‌లోంచి బయటపడటానికి మెనూలో వేరే ఐటమ్ పెట్టి, దాని వెనక అప్లికేషన్.ఎగ్జిట్ పిలవండి. అది తెరిచి ఉన్న ప్రతి ఫామ్‌నీ అడుగుతుంది, ఒక్కటి ఆగమన్నా దేన్నీ మూయదు. ఎన్విరాన్‌మెంట్.ఎగ్జిట్ మాత్రం ఎక్కడా వాడొద్దు, అది ఎవర్నీ అడగదు.

ఇక అడిగే పెట్టె. ‘యస్’ (అవును), ‘నో’ (కాదు) బటన్లు పెట్టారంటే ముప్పు అక్కడే ఉంది. మీ గుమాస్తాల చేతులు ట్యాలీకి అలవాటు పడ్డవి. ట్యాలీలో వోచర్ మధ్యలో ఎస్కేప్ కొడితే ‘క్విట్?’ అని అడుగుతుంది, వై కొడితే ఎంట్రీ పోతుంది. మీ పెట్టెలో అదే వై కొడితే సేవ్ అవుతుంది. ఎంట్రీ వద్దనుకున్నవాడు వై కొట్టాడంటే చెత్త పట్టీ ఖాతాలోకి ఎక్కుతుంది. బటన్ల మీద పని పేరే రాయండి: ‘సేవ్ చేసి మూయి’, ‘సేవ్ చేయకుండా మూయి’, ‘మూయొద్దు’. మెసేజ్‌బాక్స్‌లో ఇది కుదరదు. డాట్‌నెట్ 5 నుంచి విన్‌ఫామ్స్‌లో టాస్క్‌డైలాగ్ ఉంది, దాంట్లో కుదురుతుంది. పైన పట్టీ నంబరు, రైతు పేరు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క కనపడాలి. ‘మార్పులు సేవ్ చేయాలా?’ అంటే ఏ పట్టీ సంగతో ఎవరికి తెలుస్తుంది?

మార్పు లేకపోయినా అడిగితే ఇంకా చేటు. టెక్స్ట్‌చేంజ్డ్‌లో (బాక్స్‌లో రాత మారగానే వచ్చే ఈవెంట్) ‘మారింది’ అని గుర్తు పెడితే, పాత పట్టీ లోడ్ అవుతుండగానే ఆ గుర్తు పడిపోతుంది. ఊరికే అడుగుతుంటే వారంలోపే చదవకుండా ఎంటర్ కొట్టేస్తారు. లోడ్ అయ్యాక గుర్తు చెరిపేయండి.

గ్రిడ్‌లో కాటా తూకం టైపు చేస్తూ సెల్ దిగకుండానే ఆల్ట్+ఎఫ్4 కొడితే ఆ చివరి అంకె ఇంకా డేటాలోకి చేరి ఉండకపోవచ్చు. ఫామ్‌క్లోజింగ్ మొదట్లోనే, టైపు చేసింది డేటాలోకి చేర్చే ఎండ్‌ఎడిట్ పిలిచి, ఆ తర్వాతే మారిందో లేదో చూడండి. దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది: ఏదైనా బాక్స్ వ్యాలిడేటింగ్‌లో (రాసింది సరిగ్గా ఉందో లేదో చూసే ఈవెంట్) క్యాన్సిల్ అయితే ఫామ్‌క్లోజింగ్‌కి క్యాన్సిల్ ముందే ట్రూగా వస్తుంది, ఇంటూ ఎన్నిసార్లు నొక్కినా విండో కదలదు. సేవ్ చేయకుండా మూయమన్నప్పుడు దాన్ని మీరే ఫాల్స్ చేయాలి.

ఎందుకు మూసుకుంటోందో చెప్పే క్లోజ్‌రీజన్ విండోస్‌షట్‌డౌన్ అయితే పెట్టె చూపించకండి. జనం ‘ఎలాగైనా షట్‌డౌన్ చేయి’ నొక్కేస్తారు, పెట్టెతో పాటు పట్టీ కూడా పోతుంది. చప్పుడు చేయకుండా డ్రాఫ్ట్ ఫైలు రాసి వదిలేయండి. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే అసలు ఏ ఈవెంటూ రాదు. అందుకే ముప్పై సెకన్లకోసారి టైమర్‌తో డ్రాఫ్ట్ రాయండి. ముందు టెంపరరీ ఫైల్లో రాసి, ఆపైన ఫైల్.రీప్లేస్‌తో మార్చండి. లేకపోతే రాస్తుండగా ఆగిపోయిన ఫైలు పాతదాన్ని కూడా పాడుచేస్తుంది. ప్రోగ్రామ్ తెరవగానే డ్రాఫ్ట్ కనపడితే పట్టీని ‘సేవ్ కాలేదు’ గుర్తుతో తెరవండి, దానంతటదే ఖాతాలోకి పోస్ట్ అయిపోకూడదు.