పాత ల్యాప్‌టాప్‌లో జానపదానికి డీజే రీమిక్స్: బీట్ పాట మీద ఎందుకు కూర్చోదు?

మీరు అడిగినవి రెండు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో జానపద పాటకు డీజే రీమిక్స్ చేయొచ్చా, ఇంకేమైనా కొనాలా అన్నది ఒకటి. దించుకున్న హౌస్ లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే రెడీమేడ్ డాన్స్ బీట్ ముక్క) వేస్తే మొదట్లో కలిసిన పాట పల్లవి దాటేసరికి ఎందుకు విడిపోతోంది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నదే: చేయొచ్చు, ఏమీ కొనకండి. నా మొదటి రీమిక్స్ 4 జీబీ ర్యామ్ ఉన్న డబ్బా మీద, ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్స్‌తో చేశాను. అసలు గొడవంతా రెండోదాంట్లోనే ఉంది.

మాది కరీంనగర్ వైపు. మా బాపమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాటొకటి ఫోన్‌లో రికార్డు చేసి, చిన్నాన్న కొడుకు పెళ్లి బారాత్‌కి డీజే మిక్స్ చేద్దామని కూర్చున్నాను. ఎఫ్ఎల్ స్టూడియో అనే పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో లూప్ పెట్టి, దాని మీద గొంతు వేశా. సరిగ్గా మీకు జరిగిందే నాకూ జరిగింది. బాపమ్మ చెవిలో క్లిక్ (తాళం తప్పకుండా వినిపించే టిక్ టిక్) పెట్టుకుని పాడలేదు కదా. మొదలుపెట్టినప్పుడు 92 బీపీఎం (నిమిషానికి 92 బీట్లు) దగ్గరుంది, ఊపందుకునే కొద్దీ 101 దాకా పోయింది. డప్పులు లైవ్‌గా వాయించిన పాత రికార్డింగులన్నీ ఇంతే. మీ పాట విడిపోవడానికి మొదటి కారణం ఇదే అయ్యుంటుంది.

టెంపో (పాట వేగం) సాఫ్ట్‌వేరే కనిపెడుతుంది కదా అనుకోవద్దు. వాయిద్యం లేని ఒట్టి గొంతు ఇస్తే అది ఏదో ఒక అంకె చెబుతుంది, చాలాసార్లు అసలుకి సగమో రెట్టింపో. చేత్తో చేయండి. పాటను పాదం పాదంగా కోసి, గొంతు బలంగా పడే అక్షరాన్ని తెర మీద బీట్‌ను చూపే గీత మీదకు జరపాలి. ఇక్కడో చిన్న కిటుకు ఉంది. పాదం 'స'తో మొదలైందనుకోండి, వేవ్‌ఫారమ్‌లో (తెర మీద కనిపించే శబ్దం బొమ్మలో) ముందు సన్నగా గడ్డిపరకల్లా ఒక బుస కనిపిస్తుంది, ఆ తర్వాత అచ్చు లావుగా లేస్తుంది. కిక్ (బీట్‌లో దబ్‌మనే డ్రమ్ దెబ్బ) పడాల్సింది ఆ లావు లేచే చోట. బుసను గీత మీద పెడితే ప్రతి పాదమూ కాస్త ఆలస్యంగా వచ్చినట్టు ఉంటుంది, ఎందుకో అర్థం కాక రాత్రంతా తల గోక్కుంటారు. నేను అలా రెండు రాత్రులు గోక్కున్నా. చివరికి పాటంతా 98కి తెచ్చాను. ఆరేడు శాతం సాగదీస్తే గొంతు పాడవదు. అదే గొంతును 128కి లాగితే బాపమ్మ కాస్తా చిలకైపోయింది.

ఇంత చేసినా పాట కుంటుతూనే ఉంది. ఎందుకో మా ఊరి డప్పాయన చెప్పాడు. లూప్ వినిపిస్తే, "గిది నాలుగు కొడ్తాంది, అవ్వ మూడు పాడ్తాంది" అన్నాడు. అంతే సంగతి. మన జానపదాల్లో చాలావాటిది తిశ్ర నడక, తకిట తకిట. తీన్మార్ పేరులోనే మూడు ఉంది. రెడీమేడ్ హౌస్ లూపులేమో తకదిమి మీద కోసినవి. ఎన్నిసార్లు జరిపినా మూడుని నాలుగులో కూర్చోబెట్టలేరు. అందుకే ముందు పాటను చప్పట్లు కొడుతూ విని, రెండు చప్పట్ల మధ్య మూడు పడుతున్నాయా నాలుగా చూసుకోండి. మూడైతే లూపులు పక్కనపెట్టి, పియానో రోల్‌లో (దెబ్బలు ఒక్కొక్కటీ పెట్టుకునే గళ్ల తెరలో) స్నాప్‌ను, అంటే దెబ్బలు అతుక్కునే గడి కొలతను, 1/3 బీట్‌కి మార్చి, కిక్, క్లాప్, డప్పు శాంపిల్ ఒక్కొక్కటీ మీరే పెట్టుకోండి. కిక్ బీట్‌కొకటి మామూలుగానే పడుతుంది, మధ్యలోవి మాత్రం మూడేసి. నాకు ఒక్కసారిగా పాటకు కాళ్లొచ్చినట్టు అయింది.

బారాత్ రోజు పరువు పోయింది, అదీ చెప్తా. బేస్ వెడల్పుగా వినిపించాలని స్టీరియో ఎఫెక్ట్ ఒకటి వేశాను. ఇయర్‌ఫోన్స్‌లో అదిరిపోయింది. డీసీఎం మీద కట్టిన పెద్ద బాక్సులు నడిచేది మోనోలో, అంటే ఎడమ, కుడి తేడా లేకుండా ఒకే శబ్దంగా. ఎడమ, కుడి కలిసేసరికి బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమైంది. అంత పెద్ద బాక్సుల్లోంచి బాపమ్మ గొంతు, టిక్కుటిక్కుమని క్లాపు, అంతే. డీజే తమ్ముడు నన్ను చూసి పెన్‌డ్రైవ్ పీకేసి వేరే పాట పెట్టాడు. అప్పటి నుంచి ఎగుమతి చేసే ముందు మాస్టర్‌ను (అన్నీ కలిసిన పూర్తి మిక్స్‌ను) ఒకసారి మోనోకి మార్చి వింటాను. సుమారు 120 హెర్ట్జ్ కింద ఉండేదంతా మధ్యలోనే, మోనోగా ఉంచుతా. గొంతులో ఆ కింద భాగం కోసేస్తా, ఫోన్ రికార్డింగులో అక్కడ ఉండేది ఫ్యాను రొద తప్ప ఇంకేం కాదు. కిక్ కొట్టినప్పుడల్లా బేస్ కాస్త తగ్గేలా సైడ్‌చైన్ పెడితే రెండూ కొట్టుకోవు.

అవన్నీ సరిచేసి బాపమ్మకు వినిపిస్తే, "అంత దబదబనే ఉన్నదిరా, నా పాటేడ పోయింది?" అంది. నిజమే, చరణాల కింద కూడా సింథ్ (కంప్యూటర్ వాయిద్యం), రైజర్ (అంతకంతకూ పైకి లేచే శబ్దం), మూడు రకాల డప్పులు కుమ్మేశాను. చరణాల్లో కిక్, బేస్ ఉంచి మిగతావన్నీ తీసేశా. పల్లవి దగ్గర మళ్లీ వచ్చినప్పుడు అదే డ్రాప్ (బీట్ అంతా ఒక్కసారిగా పడే చోటు) రెండింతలు పెద్దగా అనిపించింది.

ఇక కంప్యూటర్ సంగతి. చిటపట శబ్దం వస్తే బఫర్ సైజు (కంప్యూటర్ ఒక్కో విడతకు తీసుకునే శబ్దం ముక్క) పెంచండి. రికార్డు చేసేటప్పుడు 128 శాంపిల్స్, మిక్స్ చేసేటప్పుడు 1024 పెట్టినా నష్టం లేదు, 44,100 హెర్ట్జ్ దగ్గర అది 23 మిల్లీసెకన్ల ఆలస్యమే. బరువైన సింథ్ ట్రాకుల్ని ఆడియోగా మార్చేసుకుంటే ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటుంది. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో (కొనకముందు వాడే ఉచిత వెర్షన్‌లో) ప్రాజెక్టు సేవ్ అవుతుంది కానీ కొనేదాకా మళ్లీ తెరుచుకోదు, ఆడియో ఎగుమతి మాత్రం అవుతుంది. అది తెలిసీ నేను ల్యాప్‌టాప్ ఆపకుండా నాలుగు రోజులు లాగాను. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్, ఐదో రోజు కరెంటు పోయింది, అంతా పాయె. కాబట్టి రోజూ లేచేముందు ట్రాకులన్నీ విడివిడిగా వేవ్ ఫైళ్లుగా తీసిపెట్టుకోండి, లేదా ఉచితంగా దొరికే ఎల్ఎంఎంఎస్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తోనే మొదలుపెట్టండి. క్రాక్ (దొంగ కాపీ) జోలికి మాత్రం పోకండి, దాంతోపాటు వైరస్ వచ్చి మా ఇంటి ఫొటోలు పోయాయి.

మీది ఇప్పటికే విడుదలైన పాటైతే గొంతు విడదీయడానికి అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో చాలాసేపు పడుతుంది, చాయ్ తాగి రావచ్చు. అక్కడక్కడా నీళ్లలోంచి పాడినట్టు వచ్చే ముక్కల్ని డ్రమ్స్ బలంగా ఉన్న చోటికి జరిపేస్తే తెలియదు. ఇంట్లో వినడానికి సరే గానీ, యూట్యూబ్‌లో పెడితే హక్కుదారు క్లెయిమ్ వేయొచ్చు. పాట ఊరందరిదైనా, ఆ రికార్డింగు మాత్రం దాన్ని చేసినవాళ్లదే. మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. ఇంట్లో పాడేవాళ్లుంటే ఆ తంటా లేదు. ఫ్యాను ఆపి, ఫోన్ జానెడు దూరంలో పట్టుకుని రికార్డు చేయండి, అప్పుడైతే గొంతు విడదీసే పనే ఉండదు.