యానాంలో ఆగస్టు 15 కాకుండా ఆగస్టు 16, నవంబరు 1 కూడా ఎందుకు జరుపుతారు?

1947లో యానాం బ్రిటిషు వాళ్ళ చేతిలో కాదు, ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది. దాని పాలన 1954 నవంబరు 1న, చట్టపరమైన హక్కు 1962 ఆగస్టు 16న భారత్‌కు వచ్చాయి కాబట్టి.

మధ్యలో దాదాపు ఎనిమిదేళ్ళు ఎందుకు పట్టింది? అప్పగింత ఒప్పందంపై రెండు దేశాలూ 1956 మే 28నే సంతకాలు చేశాయి. కానీ ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదించాలి. అప్పుడు ఆ దేశం అల్జీరియా యుద్ధంలో మునిగి ఉంది, ఇంకో వలసను వదులుకునే చట్టాన్ని ముట్టుకోలేదు. 1962లో అల్జీరియా స్వతంత్రమయ్యాకే ఆమోదం దొరికింది. 1961లో గోవాకు సైన్యాన్ని పంపిన భారత్, ఇక్కడ మాత్రం ఓపిగ్గా ఆగింది. ఫ్రాన్సుతో ఈనాటి స్నేహానికి ఆ ఓపిక మంచి పునాది అయిందనే చెప్పాలి.

ఆ ఎనిమిదేళ్ళూ పాలన ఒకరిది, చట్టపరమైన హక్కు ఇంకొకరిది. ఉదాహరణకు, 1958లో యానాం మనిషి పాలన పరంగా భారత్‌లో ఉన్నా, చట్టం దృష్టిలో ఫ్రెంచి పౌరుడే కావచ్చు. పక్కనే ఉన్న ఆంధ్ర ఊరు ఇంజరం మనిషి మాత్రం భారతీయుడు. 1962లో ఒప్పందం అమల్లోకి వచ్చాక, ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవాలనుకున్నవాళ్ళు రాతపూర్వకంగా చెప్పడానికి ఆరు నెలల గడువిచ్చారు.

ఆగస్టు 16 అనగానే యానాంకి ఒక్కరోజు ఆలస్యంగా స్వాతంత్ర్యం వచ్చిందనుకుంటారు. తేడా ఒక రోజు కాదు, పదిహేనేళ్ళు. ఫ్రెంచి వాళ్ళు ఊరికే ఇచ్చి వెళ్ళారన్నదీ తప్పే: 1954 జూన్ 13నే దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు యానాంలో ఫ్రెంచి అధికారాన్ని కూలదోశారు.