బిష్కెక్ ఎవరి వైపు?

ప్రశ్న: మా అమ్మాయి కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతోంది. అక్కడి ఓష్ నగరంలో లెనిన్ విగ్రహం తీసేశారట, చైనా రైలు వస్తోందట, ట్రంప్ మధ్య ఆసియా అధ్యక్షులు ఐదుగురినీ వైట్‌హౌస్‌కి పిలిచాడట. రష్యా పని అయిపోయినట్టేనా? మాకు టెన్షన్‌గా ఉంది. ‘ఇంకా రష్యన్ నేర్చుకోవడం దండగ నాన్నా’ అంటోంది మా అమ్మాయి.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీరు విన్నవి మూడూ నిజమే. రష్యా పట్టు సడలింది కానీ పోలేదు. 2025 జూన్‌లో దించిన ఆ లెనిన్‌ను కూడా కూలగొట్టలేదు, పార్కులో పెడతామన్నారు. అదే ఏడాది నవంబరులో అధ్యక్షుడు జపరోవ్ వైట్‌హౌస్‌కి వెళ్లొచ్చాడు, నెల తిరక్కుండానే బిష్కెక్‌లో పుతిన్‌కి ఎర్ర తివాచీ పరిచాడు.

ఇద్దరితోనూ బేరమాడటం అక్కడ కొత్తేం కాదు. మీ అమ్మాయి దిగిన మనాస్ విమానాశ్రయంలోనే 2001 నుంచి 2014 దాకా అమెరికా సైనిక స్థావరం ఉండేది. ఊరికి అటు పక్క కాంత్‌లో 2003 నుంచీ రష్యా వైమానిక స్థావరం. 2009 ఫిబ్రవరిలో అప్పటి అధ్యక్షుడు బకియెవ్ మాస్కో వెళ్లి, 200 కోట్ల డాలర్లకు పైగా సాయం మాట పుచ్చుకుని, అమెరికావాళ్లను ఖాళీ చేయిస్తానని అక్కడే ప్రకటించాడు. జూన్‌కల్లా అమెరికాతో మళ్లీ ఒప్పందం! ఏటా 1.74 కోట్ల డాలర్లున్న అద్దె 6 కోట్లయింది. మరుసటి ఏప్రిల్‌లో జనం తిరగబడి ఆయన్ని దించేశారు. అందులో కరెంటు ఛార్జీల పెంపు పాత్ర కూడా తక్కువేం కాదు.

నిజంగా కొత్తది చైనా రైలు. చైనాలోని కాష్గర్ నుంచి కిర్గిజ్ కొండల మీదుగా ఉజ్బెకిస్థాన్‌లోని ఆండిజాన్‌కు. ఏళ్ల తరబడి మాటలకే పరిమితమై, 2024 డిసెంబరులో శంకుస్థాపన దాకా వచ్చింది. చైనా పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు, సోవియట్ కాలం పట్టాలది 1520. అందుకని దారిలో మక్మల్ దగ్గర సరుకును ఒక రైలు నుంచి మరో రైలుకి మార్చాలి, మీటర్‌గేజ్ రోజుల్లో మన గుంతకల్లులో లాగే. పూర్తయితే రష్యా నేల తొక్కకుండానే చైనా సరుకు పడమటికి పోతుంది. మాస్కోకి గుచ్చుకునేది ఇదే, విగ్రహం కాదు. అమెరికా కన్ను ఎక్కువగా అక్కడి ఖనిజాల మీద.

మరి రష్యా చేతిలో ఏముంది? లక్షల మంది కిర్గిజ్ కుర్రాళ్లు మాస్కోలోనో మరో రష్యా ఊళ్లోనో కూలీ చేసి ఇంటికి పంపే డబ్బు. 2024లో మాస్కో దగ్గర కచేరీ హాలుపై జరిగిన దాడిలో మధ్య ఆసియావాళ్లు పట్టుబడ్డాక అక్కడ వలసకూలీలపై కట్టడి పెరిగింది. మనసుల్లో కోపం ఉంది, కానీ పొయ్యి వెలగాలిగా.

పెద్ద దేశాల పోటీ వల్ల మీ అమ్మాయి చదువుకి ఇప్పట్లో ఇబ్బంది రాదనే నా అభిప్రాయం. 2024 మేలో విదేశీ విద్యార్థుల హాస్టళ్లపై దాడులు జరిగింది స్థానికులతో గొడవ ముదిరి. అందుకే మన ఎంబసీ నంబరు మాత్రం ఆమె ఫోన్‌లో ఉండాలి. రష్యన్ మానొద్దని చెప్పండి. రేపు వార్డులో రోగి నొప్పి ఎక్కడో చెప్పేది రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో. కిర్గిజ్ కూడా నాలుగు ముక్కలు వస్తే ఇంకా మంచిది.